తోకలు దాచుకునే దేశం

మా అక్కా నేనూ కొన్నేళ్లపాటు ఒక దేశాన్ని నడిపాం. అందులో ఉండేవాళ్లంతా జంతువులు. రెండు కాళ్ల మీద నడుస్తారు, బట్టలు కట్టుకుంటారు, కూరగాయల దగ్గర బేరాలాడతారు, పెళ్లిళ్లలో అలుగుతారు. అందరి మీదా ఒక ఏనుగు పెత్తనం చేస్తుంది. ఎన్నికలు లేవు, కోర్టులు లేవు, ఏనుగుకు ఎదురు మాట్లాడిన ప్రాణి లేదు. దేశానికి మేం పేరు పెట్టలేదు. "ఆ దేశం" అంటే ఇద్దరికీ తెలిసేది, అంతకంటే అవసరం పడలేదు.

నేను జగిత్యాలలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్తాను. పొద్దున పిల్లలకు ప్రాథమిక హక్కులు చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి ఫోనులో ఆ హక్కులన్నీ రద్దు చేసేదాన్ని. ఇందులో నాకు సిగ్గేమీ లేదు. హక్కులు చెప్తుంటే పిల్లలు ఆవలిస్తారు. రద్దు చేస్తుంటే మా అక్క కడుపు పట్టుకుని నవ్వేది.

అక్కను కోరుట్లకు ఇచ్చారు. మేం పుట్టి పెరిగింది సిరిసిల్లలో, సాంచాల మధ్య. మా దిక్కు మరమగ్గాన్ని సాంచా అంటారు. ఇంటి ముందరి రేకుల కొట్టంలో మా బాపువి రెండు నడిచేవి. అవి నడుస్తున్నంతసేపు పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకే సాంచాల ఇళ్లలో పుట్టిన పిల్లలకు పెదవులు చూసి మాట పట్టుకోవడం, చేతులతో చెప్పుకోవడం నడకతోపాటే వచ్చేస్తాయి. అక్కా నేనూ మా అవ్వ ఎదురుగానే కూర్చుని అవ్వ మీద చాడీలు చెప్పుకునేవాళ్లం. ఆమె కండెలు చుడుతూ, ఆడపిల్లలిద్దరూ ఎంత బుద్ధిగా ఉన్నారో అనుకునేది.

అక్క అత్తగారింటికి పోయాక ఆ విద్య అక్కరకు రాలేదు. ఫోనులో పెదవులు కనపడవు. వీడియో పెడితే అత్త కూడా వచ్చి పక్కన మొహం పెట్టేది.

అక్క అత్త బక్కపలచని మనిషి. గట్టిగా గాలి వీస్తే కొట్టుకుపోతుందేమో అన్నట్టుంటుంది. అయినా ఆ ఇంట్లో ఆమెకు తెలియకుండా చీమ కూడా గడప దాటదు. మామ పోయి చాలా ఏళ్లయింది. బావ దుబాయిలో ఏసీలు బిగించే పని చేస్తాడు. ఇంట్లో ఉండేది అత్త, అక్క, అక్క బిడ్డ. ఆ పిల్ల బడికి పోతే మిగిలేది వీళ్లిద్దరే. అక్క ముందరి అర్రలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. అత్త ఎదురుగా పీట వేసుకుని హుక్కులు కుట్టేది, కాజాలు తీసేది, చీరలకు ఫాల్ వేసేది. వయసులో ఉన్నప్పటినుంచీ బీడీలు చుట్టిన వేళ్లు అవి, ఊరికే ఉండలేవు.

ఆ ఇంటి పద్ధతులు ఇలా ఉండేవి. బయటికి పోవాలంటే ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడొస్తావు అనేవి పోయే ముందు చెప్పాలి. వచ్చాక మళ్లీ చెప్పాలి. మొదట చెప్పిందీ తర్వాత చెప్పిందీ కలవాలి. చక్కెర డబ్బా అత్త అలమరలో, అలమర తాళంచెవి అత్త నడుముకు. పక్కింటి వాళ్లతో గోడ దగ్గర నిలబడి మాట్లాడొచ్చు, లోపలికి పోయి కూర్చోవడం మాత్రం కుదరదు. ఇక ఫోను ఎవరు చేసినా స్పీకర్ పెట్టాల్సిందే.

"ఇంట్ల దాసుకునే ముచ్చట్లేముంటయ్?" అనేది అత్త.

బావ ఫోను చేసినా అంతే. పెళ్లాంతో నాలుగు గుసగుసలాడుకునే యోగం ఆయనకూ లేదు పాపం.

చెడ్డ మనిషా అంటే అనలేను. అక్క కాన్పు తర్వాత మా అవ్వకంటే శ్రద్ధగా చేసింది. అక్కకు జ్వరమొస్తే తల దగ్గర నుంచి కదలలేదు. మరి మూతి తుడిచిన చేత్తోనే నోరు మూయిస్తే ఏమనాలి? నాకైతే ఒళ్లు మండేది. "నువ్వెట్ల పడుతున్నవక్కా, నేనైతే ఎప్పుడో దులిపేద్దును" అని కలిసినప్పుడల్లా అనేదాన్ని. అక్క నవ్వి ఊరుకునేది. నాకు పెళ్లి కాలేదు కాబట్టి నా మాటకు విలువ లేదని ఆ నవ్వుకు అర్థం.

ఒకనాడు సాయంత్రం ఫోను చేసి "ఎట్లున్నవక్కా?" అని అడిగాను. అటువైపు మిషన్ చప్పుడు కాసేపు వినిపించి ఆగింది.

"నేను మంచిగనే ఉన్న. ఆ దేశంల ఏనుగు ఉప్పు బుట్టకు తాళమేసిందట చెల్లె," అంది అక్క.

ఏ దేశం, ఏ ఏనుగు అని నేను అడగలేదు. మా ఇద్దరిదీ సాంచాల చదువు కదా.

"అయ్యో! మరి కుందేలు ఏం తిన్నది?"

"ఏం తింటది? చప్పిడి గడ్డి."

ఆ రోజునుంచి దేశం మొదలైంది. అత్తను ఏనుగు చేయడం అక్క తెలివి. అంత సన్నటి మనిషికి తనను ఏనుగంటున్నారని కలలో కూడా తట్టదు. అక్క కుందేలు. బావ తాబేలు, ఎక్కడికి పోయినా వీపు మీద వీపంత గది మోసుకుంటూ తిరుగుతాడు కాబట్టి. అక్క ఎక్కడెక్కడ నిలబడిందో అత్తకు చేరవేసే పక్కింటామె కాకి. నేను పిచ్చుకను, అక్కడక్కడా వాలి వాగి పోతాను.

జంతువులు అక్కవి, రాజ్యాంగం నాది. మొదటి చట్టం తోక మీద చేశాం. మొహాన్ని ఎలాగో సర్దుకోవచ్చు. తోక మాట వినదు, సంతోషమైతే ఊగుతుంది, భయమైతే కాళ్ల మధ్యకు పోతుంది. అందుకని ఆ దేశంలో పుట్టిన ప్రతి ప్రాణీ తోకకు సంచి తొడుక్కోవాలి. సంచి గుడ్డ ఎంత పన్నా, అంటే ఎంత వెడల్పు ఉండాలి, ఏ నూలుతో నేయాలి అని మేం చాలా రోజులు వాదించుకున్నాం. చివరికి పాలిస్టర్ ఖాయం చేశాం. ఎండాకాలంలో ఉక్కపోతకు తోకలు కుళ్లిపోతాయి కదా అని నేనంటే, "కుళ్లనీ, ప్రభుత్వానికేంది?" అంది అక్క.

ఆ దేశంలో జెండా నెలకోసారి మారుతుంది. ఇది అచ్చంగా మా సిరిసిల్ల బుద్ధి. ఎన్నికలొస్తే మా వాడలో ఒకే కొట్టంలో, పక్కపక్క సాంచాల మీద, ఒకరినొకరు తిట్టుకునే పార్టీల జెండా గుడ్డ నడిచేది. ఎవరు గెలిచినా మాకు చేతినిండా పని దొరికేది. కాబట్టి ఆ దేశపు సాంచాలు ఆగకూడదని ఏనుగు జెండా మారుస్తూ ఉంటుంది. ప్రతి జెండా మీదా ఏనుగు బొమ్మే, తొండం మాత్రం ఓసారి కుడికి, ఓసారి ఎడమకు.

పాట పాడే హక్కు కప్పలకే ఉంది, అదీ వాన పడుతున్నప్పుడు, అదీ అనుమతి తీసుకుని. పత్రిక ఒక్కటే. దాన్ని చిలకలు వీధి మొగల్లో నిలబడి గట్టిగా చదువుతాయి. ఇద్దరు ఎదురుపడితే "బాగున్నావా" అని అడగరు. "ఎక్కడినుంచి, ఎక్కడికి" అని అడగాలి, అదే మర్యాద. ఏనుగు పుట్టినరోజు పెద్ద పండుగ. ఆ రోజు అందరూ ఆనందంతో ఏడవాలి. ఏడుపు రానివాళ్లకు ప్రభుత్వం ఉల్లిగడ్డలు పంచుతుంది. చరిత్ర పుస్తకంలో "ఏనుగు కంటే ముందు ఎవరు పాలించారు?" అని ఒక ప్రశ్న ఉంటుంది. "అడగకూడదు" అని రాసిన పిల్లకు పూర్తి మార్కులు.

ఇలా రోజూ ఏదో ఒకటి. అక్క ఆ రోజు ఇంట్లో జరిగింది ఒక ముక్క చెప్పేది, నేను దానికి చట్టం రాసేదాన్ని. బజారు నుంచి ఆలస్యంగా వచ్చి మాట పడితే, కుందేలును పొలిమేర దగ్గర ఆపి ఒళ్లంతా వాసన చూసినట్టు చెప్పేది. నేను వెంటనే వాసన శాఖకు ఒక మంత్రిని పెట్టేదాన్ని. అక్క మనసులో బరువు దిగిపోయేది. ఫోను పెట్టేసేటప్పటికి గొంతు తేలికగా ఉండేది. నాకు అది చాలనిపించేది.

కొన్నాళ్లకు మూడో గొంతు వినపడింది.

"ఏందే అది? టీవీల వస్తదా?" అత్త.

అక్క తొణకలేదు.

"కాదు అత్తమ్మా. చెల్లె బడిల పోరగాండ్లకు చెప్పే కథ. నాకు చెప్పి జూసుకుంటది."

"మంచిగున్నది. గా కాకి సంగతి ఏమైంది మరి?"

ఆనాటి నుంచి అత్త మా దేశానికి అలవాటు పడిపోయింది. నేను ఫోను చేయడం కాస్త ఆలస్యమైతే "మీ చెల్లె ఇంక జేస్తలేదేంది? ఇయ్యాల ఏనుగు ఏం జేసిందో" అని ఆమే గుర్తు చేసేదట. వింటూ ఊరుకునేది కాదు. ఏనుగును తిట్టేది. "దాని తొండం విరగ!" అనేది. "గా కుందేలుకు నోరు లేదా? ఎన్నేండ్లు పడ్తది?" అనేది. తనను తానే అలా తిట్టుకుంటుంటే అక్క నవ్వు ఆపుకోలేక దారం కొరుకుతున్నట్టు తల వంచుకునేదట. నేను ఇక్కడ నోట్లో కొంగు కుక్కుకునేదాన్ని. మా జీవితంలో అంత సరదా ఎప్పుడూ లేదు.

తర్వాత ఆమె చట్టాలు కూడా చెప్పసాగింది.

"తల మీదికెళ్లి పోసుకున్నంక కుందేలు ముంగట అర్రల వెంట్రుకలారబెట్టుకుంటే ఏనుగు ఊకుంటదా? దొడ్లెకు పొమ్మంటది. రాసుకో బిడ్డా."

"తిన్నంక కుందేలు కుండ తెచ్చి ఏనుగుకు అడుగు సూపియ్యాలె. ఎంత తిన్నదో ఎర్కగావాలె గద."

"పుట్టింటోళ్లు వస్తే ఏనుగు ముంగట ఏడ్సుడు లేదు, నవ్వుడు లేదు. మంచినీళ్లిచ్చి నిలవడాలె, గంతే."

వింటూ నేను చల్లబడిపోయేదాన్ని. నేను రాసిన చట్టాలు పుస్తకాల్లోంచి వచ్చినవి. ఆమెవి అలా లేవు. ఒక్కొక్కటి నేరుగా వచ్చి ఒంటికి తగిలేది. ఇవి అక్క మీద కూడా నడుస్తున్నాయా అని, కలిసినప్పుడు విడిగా అడిగితే, లేదంది. వీటిలో ఒక్కటీ ఆ ఇంట్లో లేదట. మరి ఈమెకు ఇంత బాగా ఎలా తెలుసు? పెత్తనం చేసే మనిషికి పెత్తనం తెలియదా అనుకున్నాం. మాకు అంతకు మించి తట్టలేదు.

ఈమధ్య, పసుపు ఉడకబెట్టే రోజుల్లో, కోరుట్ల బస్టాండు వెనక గల్లీలో ఒక మడిగె ఖాళీ అయింది. ఒక్క గది దుకాణం, ముందు రెండు మెట్లు. అక్కకు అది కావాలనిపించింది. కావాలనిపించడం అంటే మామూలుగా కాదు, అన్నం సయించనంతగా. జాకెట్ల గిరాకీ ఇంట్లోనూ బాగానే ఉంది, దాని కోసం కాదు. పొద్దున చెప్పులేసుకుని, తాళంచెవి చేత్తో పట్టుకుని, ఇంట్లోంచి నడిచి వెళ్లాలి. పదిమంది ఆడవాళ్లు వచ్చి మెట్ల మీద కూర్చుంటే మాట్లాడుతూ కుట్టాలి. ఫోను వస్తే చెవికి పెట్టుకోవాలి. ఇంతే ఆమె కోరిక. ఆదివారం దాకా ఎవరికీ ఇవ్వనని మడిగె గలామె మాటిచ్చింది. ఆ తర్వాత సెల్లు రిపేరు చేసేవాళ్లు కాచుకుని ఉన్నారు.

అక్క ధైర్యం చేసి అడిగింది. అత్త సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తకుండానే జవాబు చెప్పిందట.

"ఇంట్లనే కుట్టుకో. ఆడ గూసునుడేంది?"

బావను అడిగితే, "అమ్మ ఏమంటదో అడుగు" అన్నాడు. స్పీకర్ మీద ఇంకేమంటాడు?

ఆ సాయంత్రం అక్కే ఫోను చేసింది.

"కుందేలు బజార్ల ఒక బొరియ అడిగింది చెల్లె. ఏనుగు వద్దన్నది."

ఎప్పుడూ నవ్వుతూ చెప్పేది. ఆ రోజు గొంతులో నవ్వు లేదు. నేను చట్టం రాయలేకపోయాను. ఇంతలో వెనకనుంచి అత్త గొంతు కోపంగా వినిపించింది.

"వద్దన్నదా? ఎందుకు వద్దన్నది? దాని సొమ్మేం బోయింది?"

"ఏమో అత్తమ్మా," అంది అక్క.

"రమ్మను మీ చెల్లెను. గిది ఫోన్ల తెగేది గాదు. ఇంటికొచ్చి చెప్పమను."

శనివారం ఒంటిపూట బడి కాగానే కోరుట్ల బస్సెక్కాను. మేడిపల్లి దాటాక కిటికీలోంచి పసుపు ఉడికిన వాసన వస్తోంది. నేను మాత్రం లోపల్లోపల కుతకుతలాడుతున్నాను. ఈ రోజు కథలూ లేవు, కాకరకాయలూ లేవు, ముసలామెను కూర్చోబెట్టి మొహం మీదే అడిగేస్తాను అనుకున్నాను. ఏం అనాలో వరసగా అనుకుంటూ పోయాను. పక్క సీటామె నన్ను రెండుసార్లు తేరిపార చూసింది, బహుశా పైకే అనేసి ఉంటాను.

పోయేసరికి ఇద్దరూ ఎప్పటిలాగే కూర్చుని ఉన్నారు. మిషన్ దగ్గర అక్క, ఎదురుగా పీట మీద అత్త. అత్త లేచి అలమర తీసి, నాకు చాయలో చక్కెర ఎక్కువే వేసి ఇచ్చింది. నేను గుటకేసేదాకా ఆగి, సూది చేతికి తీసుకుంది.

"ఇగ చెప్పు బిడ్డా. ఎందుకు వద్దన్నది?"

చాయ ఇచ్చిన మనిషిని మొహం మీద ఎలా అడగను? మళ్లీ కథలోకే దిగాను. ఈసారి మాత్రం వంకర్లు పెట్టలేదు. కుందేలుకు పని బాగా వచ్చని, అది పొద్దస్తమానం ఏనుగు ఎదురుగానే కూర్చుంటుందని, ఎవరితో మాట్లాడినా ఏనుగు చెవులు ఇంతింత చేసుకుని వింటుందని, తోకకు తొడిగిన సంచిలో దానికి ఊపిరి ఆడటం లేదని చెప్పాను. బజార్లో నలుగురి మధ్య కూర్చుని పని చేసుకోవడం తప్ప అది ఇంకేమీ అడగలేదని చెప్పాను. అక్క మిషన్ మీద చేతులు పెట్టుకుని గుడ్డవైపే చూస్తోంది.

"అడుగుడేంది?" అంది అత్త. "పోవాలె. చెప్పులేసుకొని పోవాలె. ఏనుగు ఏమన్న కొరుకుతదా? అది గట్లనే అంటది, అనుకుంటనే ఉంటది. ఊకుంటే కుందేలు ముసల్దైపోతది. ఆఖరికి ఏనుగు వోయినంక గూడ, లేసి పోదామంటే కాళ్లు రావు."

అక్క తల ఎత్తింది.

"అత్తమ్మా, గా కుందేలు నేనే."

నేను గ్లాసు కింద పెట్టేశాను. ఇన్నేళ్ల దేశం అయిపోయిందనుకున్నాను. అత్త అక్కవైపు చూసి నవ్వింది. నిజంగానే నవ్వొచ్చింది ఆమెకు.

"నువ్వెట్లయితవే? కుందేలు నేను గద!"

మాకేమీ అర్థం కాలేదు. ఆమె సూదితో గోడ మీది పాత ఫోటో చూపించింది. అందులో కుర్చీ నిండా కూర్చున్న ఒక భారీ ఆడమనిషి, అత్తకు అత్త.

"గామెను జూడలె? గీ తలుపుల పట్టకపోయేది. ఏనుగు అన్నప్పుడే నాకు సమజైంది. మీ అవ్వకు ఎవలో నా సంగతి చెప్పిండ్రు, మీ చెల్లె దాన్ని కథ గట్టింది అనుకున్న. కుండ అడుగు సూపిచ్చింది నేను. దొడ్లె వెంట్రుకలారబెట్టుకున్నది నేను. మా నాయిన వస్తే మంచినీళ్లిచ్చి నిలవడ్డది నేను. గవన్ని ఇంత మందిల ఎవలన్న అడిగిండ్రా నన్ను? నువ్వొక్కదానివే గద బిడ్డా, నా గురించి గింత చెప్పింది."

చివరి మాట నాతో అంది. నా వైపు ఎంతో ప్రేమగా చూసింది. బస్సులో వరసగా పెట్టుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియదు. నాకు ఏడుపొచ్చింది.

ఆమె మళ్లీ కుట్టు మొదలుపెట్టి, మామూలుగా చెప్పుకుపోయింది.

"బీడీల కార్ఖానాల అందరు ఒక్కతాన గూసొని చుట్టేటోళ్లు. నా ఈడు పిల్లలే. పాటలు, ముచ్చట్లు, మస్తు నవ్వుకునేది. ఆ తొవ్వల పోతుంటే ఇనవడేది. నేను గూడ పోత అని అడిగిన. ఒక్కసారే అడిగిన. మా అత్త బీడాకు గంప ముంగటేసి ఏమన్నది? 'ఇంట్లనే చుట్టుకో. ఆడ గూసునుడేంది' అన్నది. గంతే, ముసల్దాన్నయ్యేదాక గీ ఇంట్లనే..."

సూది ఆగిపోయింది.

అత్త తన చేతిలోని జాకెట్టును తిప్పి చూసింది, మళ్లీ తిప్పింది. గోడ మీది ఫోటోవైపు మాత్రం చూడలేదు. తర్వాత అక్కను అడిగింది.

"మరి నీ కథల ఏనుగెవలే?"

"నువ్వే" అన్న ఆ ఒక్క మాట అనడానికి అక్క ఎన్నేళ్లు కాచుకుందో నాకు తెలుసు. అనేస్తే అయిపోయేది.

"ఎవలు లేరు అత్తమ్మా. ఉత్తగ కథ."

"ఎవలు లేకుంటే గన్ని చట్టాలు ఎవలు జేసిండ్రు?"

అత్త జాకెట్టు మడిచి పక్కన పెట్టి, పీట మీంచి మోకాళ్లు పట్టుకుని లేచి దొడ్లోకి వెళ్లింది. తోమిన గిన్నెలే మళ్లీ తోముతున్న చప్పుడు వినిపించింది. అక్క "గా కుందేలు నేనేనని అనకపోతే మంచిగుండు" అని కళ్లు తుడుచుకుంది. ఆ పూట అన్నాల దగ్గర కూడా ఎవరం ఆ ఊసెత్తలేదు. మడిగె పోయినట్టేనని నేను ఖాయం చేసుకున్నాను.

పొద్దున నేను మొహం కడుక్కుని వచ్చేసరికి అత్త ఉతికిన చీర కట్టుకుని, చెప్పులేసుకుని గడప దగ్గర నిలబడి ఉంది.

"మడిగె జూడాలంటిరి గద. నడువుండ్రి."

దారిలో ఆమే ముందు నడిచింది. మేమిద్దరం వెనకాల ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ పోయాం. మడిగె దగ్గర అన్నీ చూసింది. షట్టర్ కిందికి లాగి మీదికి తోసింది. వాన పడితే నీళ్లు లోపలికొస్తాయా అని అడిగింది. మిషన్ ఏ మూల వేస్తే వెలుతురు పడుతుందో చూపించింది. మడిగె గలామె "ఎవలు కూసుంటరమ్మా?" అని అడిగితే, అత్త "నా కోడలు" అంది. అలా అన్నప్పుడు గొంతులో ఏ తేడా లేదు, చక్కెర ఎంత కావాలో చెప్పినట్టే చెప్పింది.

మాట ఖాయమయ్యాక మెట్లు దిగింది.

"ఇగ నేను ఇంటికి వోత పిల్లా. హుక్కులయి ఇంటికి పంపు. ఆడ గూసొని కుట్టి పెడ్త."

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. అక్క కోరుకున్నది అక్షరం పొల్లుపోకుండా దొరికింది. తన గది, తన తాళంచెవి, తన చెవికి తన ఫోను. అక్కవైపు తిరిగితే ఆమె నన్ను చూడటం లేదు. గల్లీలో ఒక్కతే పోతున్న ఆ సన్నటి వీపును చూస్తోంది.

"అత్తమ్మా, ఆగు!" అని పిలిచింది. "ఇంకో కుర్చీ వేపిస్త. ఈడనే కూసొని కుట్టు."

అత్త వెనక్కి తిరిగింది.

"నేనా? బజార్లనా?" అంది. కొత్తకోడలు అడిగినట్టు అడిగింది. "ఎవలన్న ఏమన్న అంటరే."

"అననీ."

ఆమె గల్లీకి అటూ ఇటూ చూసి, మెల్లగా వెనక్కి వచ్చి, పై మెట్టు మీద ఒక పక్కకు ఒదిగి కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కను చెయ్యి పట్టి లోపలికి లాగాను.

"నీకేమన్న పిచ్చా? ఇంత ఏడ్సి తెచ్చుకున్నవ్. మళ్ల తీస్కొచ్చి ఎదురుంగనే కూసోబెట్టుకుంటవా? ఇంట్ల ఉంటనన్నది గద, ఉండనియ్యి!"

అక్క బయటికి చూసింది. సంచి పట్టుకుని పోతున్న ఒకామెను అత్త అప్పుడే ఆపి, ఏ ఊరని అడుగుతోంది. ఇబ్రహీంపట్నం అంటే అక్కడ ఎవరింట్లోనని అడుగుతోంది. ఆమె మెట్టు మీద సంచి దించి కూర్చుంది. ఇద్దరూ దేనికో నవ్వారు. అత్త నవ్వు అంత గట్టిగా ఉంటుందని మాకు తెలియదు.

"ఒక్కతే ఇంట్ల కూసుంటే ఎవలైనా ఏనుగైతరే చెల్లె," అంది అక్క. "నేను గూడ అయ్యేదాన్నే."